టాపర్ చెయ్యి

స్పిరిట్ దూదితో మోచేతి మడత తుడిస్తే ఫేస్ పౌడర్ ఊడొచ్చింది.

కింద సూది గుర్తులు. పాతవి నల్లగా, కొత్తవి నీలంగా.

తలెత్తి చూశాను. మనిషి మాస్కు దించి నవ్వాడు. మా కాలేజీ టాపర్!

"ఏమే వణుకూ, బాగున్నావా?"

నన్ను ఆ పేరుతో పిలిచేవాడు ఈ లోకంలో వాడొక్కడే. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్విక్కడేంట్రా? అదీ ఈ కుర్చీలో?"

మాది కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే సెంటర్. మందు మింగించి, కొన్ని రోజులు లోపలే ఉంచి, గంటగంటకీ రక్తం తీస్తాం. అందుకు డబ్బిస్తాం. ఒకసారి చేసినవాళ్లు మూడు నెలలదాకా మళ్లీ ఏ సెంటర్‌కీ వెళ్లకూడదు.

రక్తం తీసేది నేను. మందు మింగడానికి వచ్చింది వాడు.

ఇద్దరం ఫార్మసీ ఒకే బెంచీలో చదివాం. ఆఖరి ఏడాదిలో ఎవరో పెద్దాయన వచ్చి, తయారీ, తనిఖీ, పరిశోధన, అమ్మకం, ఈ రంగంలో ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒకచోట కుర్చీ ఉందని ఊదరగొట్టాడు. నేను ఆవలిస్తూ కూర్చున్నాను. వీడు ముందు వరుసలో కూర్చుని రాసుకున్నాడు.

"దొరికింది కదే కుర్చీ," అన్నాడు.

"జోకులాపు. నీ ల్యాబ్ ఉద్యోగం ఏమైంది?"

"నిరుడే మా యూనిట్ మూసేశారు. ఇంట్లో తెలీదు. ఇక్కడ పరిశోధనలో చేరానని చెప్పా. డ్యూటీ కదా అని మా ఆవిడ టిఫిన్ డబ్బా కూడా కట్టిచ్చింది."

"ఇదివరకు ఎప్పుడు చేశావు?"

"మూడు నెలలైంది."

"ఈ నీలం గుర్తుకి వారం కూడా లేదు. నా చెవిలో పువ్వు పెడుతున్నావా?"

వాడి నవ్వు పోయింది. గొంతు తగ్గించాడు.

"ఆ మందు ఒంట్లోంచి ఎప్పటికి పోతుందో లెక్క కట్టే వచ్చానే. నాకు తెలీదా?"

తెలుసు. అదే నా ఏడుపు. మా బ్యాచ్‌కంతటికీ ఆ లెక్క నేర్పింది వాడే.

"నీ కాలేయానికి నీ లెక్కలు తెలీవురా. అద్దంలో కళ్లు చూసుకున్నావా? పచ్చగా ఉన్నాయి."

"ఈ ఒక్కసారికి గుచ్చవే. ఇప్పుడు వెనక్కెళ్లి ఇంట్లో ఏం చెప్పను?"

రబ్బరు పట్టీ కట్టాను. పిడికిలి బిగించాడు.

రక్తం తీయడం నేను నేర్చుకున్నది ఈ చేతి మీదే. ట్రైనింగులో సూది పట్టుకుంటే గజగజ వణికేదాన్ని. నాకు చెయ్యిచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వీడే వచ్చి చొక్కా మడిచేవాడు. "కళ్లతో కాదే, వేలితో వెతుకు," అనేవాడు. తాడంత నరం ఉండేది అప్పుడు. ఎన్నిసార్లు తప్పు గుచ్చినా కిక్కురుమనలేదు.

ఇప్పుడూ వేలితోనే వెతికాను. గట్టిపడిన చర్మం తప్ప ఏమీ తగల్లేదు. రెండో చెయ్యీ అంతే.

మణికట్టు దగ్గర మాత్రం ఒక నరం సన్నగా కదిలింది.

వేలు తీసేశాను.

"ఏమైందమ్మా?" అన్నాడు పక్క బల్ల దగ్గరి డాక్టరు.

"నరం దొరకడం లేదు సార్. ఈయన పనికిరారు."

డాక్టరు తలైనా ఎత్తలేదు. "సరే, ఇంకొకర్ని పిలువు."

వాడు నన్నొక చూపు చూశాడు. కోప్పడినా బాగుండేది. చొక్కా చేతులు దించుకుని, కుర్చీ కిందున్న టిఫిన్ డబ్బా తీసుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆగాడు.

"ఎదురు బిల్డింగులో కూడా సెంటర్ పెట్టారట కదా. అక్కడ రక్తం తీసేదెవరు?"

"ఎవరో కొత్తమ్మాయి. ఇంకా చెయ్యి తిరగలేదు," అనేసి నాలిక్కరుచుకున్నాను.

"పర్లేదులే," అన్నాడు. "నేర్పిస్తాను."