చారెడు నువ్వులు

"నువ్వులు చాలలె" అన్నాడు ముసలాయన, ప్లేటు పక్కకు జరిపి.

శకుంతల విననట్లే ఇంకో గిన్నెలో పిండి ఒత్తుతోంది. శనివారం పొద్దున. టిఫిన్ సెంటరు ముందు ఇరవై మంది నిలబడి ఉన్నారు. సర్వపిండి దోసె కాదు, పోసి తిరగేయడానికి. బియ్యప్పిండి ముద్దను గుండ్రటి గిన్నె లోపల ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి, సన్నటి సెగ మీద మూత పెట్టాలి. తొందరపడితే మాడుతుంది.

హనుమకొండ చౌరస్తాలో ఆ రద్దీ ఊరికే రాలేదు. భర్త లారీ మీది నుంచి పడి మంచం పట్టాక ఆమె పెట్టుకున్న సెంటరు అది. ఎదురుగా పెద్ద హోటలు వచ్చింది. ఆమె ఇడ్లీలు ఆమెకే మిగిలాయి. మూసేద్దామనుకున్న నెలలో ఒక నవల నిలబెట్టింది.

పక్క బంకులో అద్దెకిచ్చే డిటెక్టివ్ నవల. నెలకొకటి కొత్తది వస్తుంది. అందులో హత్యలుండవు, నెత్తురుండదు. పోయిన ముక్కుపుడకో, మాయమైన పాడిబర్రో. పట్టుకునేది ఒక రిటైర్డు పోస్టుమాస్టరు. దొంగ దొరికాక చివరి పేజీలో ఆయన తీరిగ్గా కూర్చుని ఏదో ఒకటి తింటాడు. అదెట్లా చేయాలో కూడా అక్కడే ఉంటుంది.

ఒకసారి సరదాకు శకుంతల అందులోని మక్క గారెలు చేసింది. నవల చదివినవాళ్లంతా రుచి చూడటానికి వచ్చారు. అప్పటి నుంచి నెల నెలా కొత్త నవల, శనివారం శనివారం అందులోని వంట.

ఈ ముసలాయనా ప్రతి శనివారం వస్తాడు. తింటాడు. వంక పెడతాడు. గారెల్లో అల్లం ఎక్కువైందన్నాడు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ చేత్తో పిసకాలన్నాడు. ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. పేరు ఎవరూ అడగలేదు. విసుక్కోవడానికి పేరెందుకు.

"బిడ్డా, నువ్వులు చాలలె" అన్నాడు మళ్లీ.

"చెంచెడు ఏసిన తాతా. పుస్తకంల గంతే ఉన్నది."

"పుస్తకంల తప్పు పడ్డది. చారెడు ఉండాలె."

తాతకు శనివారం వంక దొరక్కపోతే ఆదివారం అన్నం సయించదని వరుసలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. శకుంతల నవ్వలేదు. నలుగురి ముందు చాలలేదంటే రేపు ఆ నలుగురూ ఎదురు హోటలుకు పోతారు.

"రాసినాయన కంటె నీకెక్కువ తెలుసా? నచ్చకుంటే రాకు తాతా. నీకు దండం పెడత."

ముసలాయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ మాట వారమంతా ఆమెకే గుచ్చుకుంది. మరుసటి శనివారం, ఆయన వస్తాడన్న నమ్మకం లేకపోయినా, పిండిలో చారెడు నువ్వులు పోసింది.

వచ్చాడు. మూల బల్ల మీద కూర్చున్నాడు. ముక్క ముక్క తుంచుకుని చాలాసేపు తిన్నాడు. శకుంతల పొయ్యి దగ్గరి నుంచి చూస్తూనే ఉంది. వంక పెట్టలేదు. బాగుందనీ అనలేదు. తల వంచుకుని రోడ్డు మీదికి నడిచాడు.

బాగుందంటే ఈయన నోట్ల ముత్యాలు రాలుతాయా అని గొణుక్కుంది.

ఆ తర్వాత ఆయన రాలేదు.

కొత్త నెల కొత్త నవల వచ్చింది. దొంగ దొరికాడు, కథ అయిపోయింది. చివరి పేజీలో తలనూనె ప్రకటన ఉంది. పై నెల కూడా అంతే. శనివారం వచ్చినవాళ్లు ఏం వంటని అడిగి, ఇడ్లీ అని చెప్పగానే రోడ్డు దాటారు.

ఒక శనివారం కలిపిన పిండి కలిపినట్లే మిగిలింది. సోమవారం శకుంతల పొయ్యి వెలిగించలేదు. నవల వెనక అట్ట మీది ప్రెస్సు చిరునామా పట్టుకుని బస్సెక్కి వరంగల్ పోయింది. రాసినాయన ఎక్కడుంటాడో కనుక్కుని, చివరి పేజీలో ఒక్క వంట పెట్టమని బతిమాలుకోవాలి.

ప్రెస్సు యజమాని కిషన్ రావు అంతా విన్నాడు. రాసేటాయన హైదరాబాదులో ఉంటాడని, కథ రాసి పోస్టులో పంపుతాడని, తిండి సంగతి ఏనాడూ రాయలేదని చెప్పాడు.

"మరెవరు రాసిండ్రు సార్?"

నవల అచ్చయ్యే ఒక్కో పెద్ద కాగితానికి, అంటే ఫారానికి, పదహారు పేజీలట. కథ ముందే అయిపోతే చివర పేజీ ఖాళీ పడుతుందట. ఆ ఖాళీని అక్షరాలు పేర్చే సారయ్య నింపేవాడట. కాగితం మీద రాసుకునేది లేదు. నిలబడి, గుర్తు తెచ్చుకుంటూ, నేరుగా సీసం అక్షరాలు పేర్చడమే.

"జర ఆయన్ను పిలువుండ్రి సార్. కాళ్లు మొక్కి అడుగుత."

"పోయి రెండు నెలలు దాటింది తల్లీ."

కిషన్ రావు ఆమె ముఖంలోకి చూశాడు. చౌరస్తాలో టిఫిన్ సెంటరు నీదేనా అని అడిగాడు. శనివారం వస్తే సారయ్య పొద్దున్నే హనుమకొండ పోయి వచ్చేవాడని చెప్పాడు. తను ఒక్క మాట తప్పు పేర్చితే ఆ పిల్ల సర్వపిండి చెడిపోయిందని వారమంతా తనను తాను తిట్టుకున్నాడట.

వంకలు పెట్టిన తాతే ఆ సారయ్య. రాకు అన్నది తనే. పేరు అడగనిదీ తనే.

"బాగుందని ఒక్కనాడు అనలే సార్. ఆఖరుసారి గూడ."

"నాతోని అన్నడు" అన్నాడు కిషన్ రావు. "ఆ శనివారం వచ్చి మిషను కాడ కూసున్నడు. కండ్లల్ల నీళ్లు. ఏమైంది సారయ్యా అంటె, ఇయ్యాల మా మొగిలమ్మ చేతి సర్వపిండి తిన్న సార్ అన్నడు. సోమవారం పనికి రాలే. ఇంటికి పోయి చూస్తె నిద్రల్నే పోయిండు."

"మొగిలమ్మ ఎవరు సార్?"

"ఆయన పెండ్లాం" అన్నాడు కిషన్ రావు. "ఆమె చచ్చిపోయి ఆరేండ్లాయె."