నీకిష్టమేనా

అమెరికాలోని యూటాలో, తమలాగా ఇద్దరు ముగ్గురు భార్యలుండే మార్మన్ మతస్థుల ఇళ్ళ మీద సినిమా వస్తే, లావెర్దా తన సవతి ఆర్ఫాను వెంటబెట్టుకుని పట్నం వెళ్ళింది. తెర మీద సవతులిద్దరూ జడలు పట్టుకుని కొట్టుకుంటుంటే హాలంతా నవ్వింది.

“మనమెప్పుడైనా ఇలా కొట్టుకున్నామా అక్కా?” అంది ఆర్ఫా.

“లేదు,” అంది లావెర్దా. మనసులో ఆర్ఫా జడను ఎన్నిసార్లు పీకిందో ఆమెకే తెలుసు.

సినిమాలో భర్త మూడోదాన్ని తెచ్చేముందు పెద్దభార్య ఎదుట మోకరించి, “నీకిష్టమేనా?” అని అడిగాడు. లావెర్దాకు ఒళ్ళు మండింది. ఈసారి ఆ తెరమీది ఆడదాన్ని చూసి.

“సినిమావాళ్ళు ఏదైనా చూపిస్తారు. నన్నెవరడిగారు? నువ్వు ఇంట్లో అడుగుపెట్టాకే నాకు తెలిసింది.”

ఆర్ఫా తెర మీంచి చూపు తిప్పి ఆమె వైపు తిరిగింది.

“నన్ను ఏరికోరి తెమ్మన్నది నువ్వేనని మనాయన చెప్పాడక్కా. నిన్ను చూసే ఒప్పుకున్నాను.”