ఇరవయ్యో ప్రశ్న

ఆ యేడు అరవై దేశాల్లో ఒకే ఉదయం సముద్రం గురించి పరీక్ష పెట్టారు. ప్రతి ఇంటి గుమ్మమూ ఇరవై ప్రశ్నలడిగి, ఇంటిల్లిపాది మార్కుల సగటును వీధంతా చూసేలా తన నుదుట వెలిగిస్తుంది.

పెళ్లయి పన్నెండు రోజులైన జోషితకు అత్తవారి ఊరు ముక్కాంలో అన్నీ ముద్దొచ్చేవే, అత్తగారి చేపల పులుసుతో సహా. కానీ బడి మొహం చూడని అత్త పైడమ్మ వల్ల సగటు పడిపోతుందని భయపడి, "ఇంట్లో నేనొక్కదాన్నే" అని గుమ్మానికి చెప్పేసింది.

పంతొమ్మిదింటికి టకటకా జవాబులిచ్చింది.

"ఆఖరిది. ఈ పూట మీ ఊరి దగ్గర సముద్రంలో నీరు ఎటు పోతోంది?"

జోషిత కిటికీలోంచి సముద్రం వైపు తొంగి చూసింది.

"దచ్చినానికి," అంది పెరట్లో చేపలు కోస్తున్న పైడమ్మ, తలెత్తకుండానే. "పొద్దున్నించీ అటే పోతంది. ఆ మాత్రం తెల్దేటే పిల్లా?"

"ఇంట్లో ఇంకెవరూ లేరన్నారుగా?" అడిగింది గుమ్మం.

పైడమ్మ చేతులు ఆగిపోయాయి. కోడలి మొహంలోకి ఒక్కసారి చూసింది.

"ఎవులూ నేరు బాబూ," అంది మెల్లగా. "పిల్ల నిజమే చెప్పింది. దచ్చినమని రాసుకో."

గుమ్మం నమ్మేసింది. ఇరవైకి ఇరవై అని మెచ్చుకుంది.

జోషిత పెరట్లోకి వెళ్లి అత్త పక్కన కూలబడింది. ఇంకా కోయని చేపనొకదాన్ని ఒళ్లోకి తీసుకుంది.