గయలో వదిలిన పండు

కారు తలుపు తెరుచుకునేసరికి రామాంజులు నోటినిండా మామిడిపండు ఉంది. రసం మోచేతి దాకా కారుతోంది. చేతిలోని టెంక ఎక్కడ దాచాలో తోచక చొక్కా జేబు వైపు చూసుకున్నాడు.

"ఏం రామాంజులూ, భోజనమా?" అన్నాడు పెన్కర్ సారు హిందీలో.

పెన్కర్ సారు బొంబాయి యూదుడు. దోహాలో పెద్ద ఇంజినీరు. రామాంజులు ఆయన డ్రైవరు. శుక్రవారం నమాజు వేళ అన్న సంగతి మరిచిపోయి నజ్మా బజారులో ఏదో కొనడానికి దిగిన సారు, దుకాణాలన్నీ మూసి ఉండటంతో అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. గంట పడుతుందనుకున్న రామాంజులు అడ్డంగా దొరికిపోయాడు.

ఇంకెవరైనా అయితే నవ్వేసి ఊరుకునేవాళ్ళే. డ్రైవరు మామిడిపండు తింటే నేరమా? కానీ ఇతను మామిడిపండు వదిలేసిన రామాంజులు. పోయిన వారమే అల్ అజీజియాలో సారు ఇంట్లో విందు జరిగింది. మామిడి ముక్కల పళ్ళెం ముందుకొస్తే చేతులు జోడించాడు. "మా నాయనకి గయలో పిండం పెట్టినప్పుడు, ఇష్టమైన పండు ఒకటి వదిలెయ్యమన్నారు సార్. నేను మామిడిపండే వదిలేశా. ఈ జన్మకి ముట్టను" అని నలుగురూ వినేలా చెప్పాడు. సారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి అతిథులంతా కొట్టారు.

ఆ చప్పట్లే ఇప్పుడు చెవుల్లో మోగుతున్నాయి. రామాంజులుకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు సారు.

"మొదట్నుంచీ సార్." అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. "రూములో జానీ అని ఉన్నాడు. నా ముందర తినకూడదని మామిడిపండు మెట్ల మీద కూర్చుని తింటాడు. చేతులు సబ్బుతో కడుక్కుంటే గానీ లోపలికి రాడు. నేనేమో కారులో తింటున్నా."

"అంత ఇష్టమైనదాన్ని వదలడం దేనికి?"

"నాకంటే ముందు మా చిన్నాన్న కొడుకు కాకరకాయ వదిలాడు సార్. వాడు పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ ముట్టినవాడు కాదు. అందరూ నవ్వారు. నా వంతు వచ్చేసరికి గొప్పకి పోయి మామిడిపండు అనేశా. మా వాకిట్లో మా నాయన నాటిన చెట్టుంది సార్. దాని కాయ తిన్నవాడెవడూ అనాల్సిన మాట కాదది."

పెన్కర్ సారు పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"పండు తిన్నందుకు సిగ్గుపడకు. నా చేత చప్పట్లు కొట్టించుకున్నందుకు పడు," అన్నాడు. "పూర్వం మావాళ్ళలో ద్రాక్షసారా తాగనని మొక్కుకున్నవాడు, గడువు తీరాక గుడికి పోయి పాపపరిహారం చేసుకునేవాడు. తాగనందుకు పాపమేమిటంటావేమో. దేవుడు తాగొచ్చన్నదాన్ని కాదని ఒంటిని బాధపెట్టాడు కదా, అదే పాపమన్నారు కొందరు పెద్దలు. కాదు, వాడు పుణ్యాత్ముడే అన్నవాళ్ళూ ఉన్నారనుకో. పైకి పోయాక దేవుడు నిలదీస్తాడట, తినదగినది కంటి ముందు పెడితే ఎందుకు తినలేదని."

రామాంజులుకి ప్రాణం లేచొచ్చింది. "అయితే నాది తప్పు కాదు కదా సార్?"

"మాట మాటే. నోటితో అన్నాక ఊరికే పోదు. మాలో అయితే ముగ్గురు కూర్చుని మొక్కు విప్పుతారు. నీ మాట వల్ల ఫలానా నష్టం జరుగుతుందని ముందే తెలిసుంటే, ఆ మాట అనేవాడివా అని అడుగుతారు. అనేవాణ్ణి కాదని మనస్ఫూర్తిగా చెప్పగలిగితే మొక్కు విడిపోయినట్టే. చెప్పు, నీ మాట వల్ల నష్టమేం జరిగింది?"

రామాంజులు ఎంత వెతికినా ఏమీ కనపడలేదు. పండు తింటూనే ఉన్నాడు, పైగా మర్యాద కూడా దక్కింది.

"ఏమీ జరగలేదు సార్," అన్నాడు. ఆ మాట పైకి చెప్పాల్సి రావడం అన్నిటికన్నా సిగ్గనిపించింది.

"అయితే నేను విప్పలేను. ముందు ఇంట్లోవాళ్ళకి నిజం చెప్పు."

రామాంజులు సీసా నీళ్ళతో చేతులు కడుక్కుని, కారు దిగి, రాజంపేటలో ఉన్న భార్యకి ఫోను కలిపాడు.

"మే ఆంజనమ్మా, నీకొక మాట చెప్పల్ల. కోప్పడాకు. మామిడిపండు వదిలితి అంటి గదా. వదల్లేదు. ఈడ రోజూ తింటాండా."

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"యిన్నావా?"

"యిన్నా," అంది ఆంజనమ్మ. "రోజూనా?"

"రోజూనే. నలుగుర్లో గొప్ప కోసరం అంటి. నోరు కట్టుకోల్యాకపోతి. నీకు చెప్పల్లంటే సిగ్గయితాండె, అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

ఆంజనమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు. అయితే తిట్టకపోయేసరికి కాస్త ధైర్యం వచ్చింది. ధైర్యం వెనకాలే నోరూరింది. మనిషి బుద్ధి అంత తొందరగా బాగుపడుతుందా మరి.

"సరేలే, అయిందేదో అయిపాయ. వచ్చే నెల లీవుకొచ్చేతలికి మన చెట్టు కాయలు మాగుంటాయి. మొదటి పండు నీ చేత్తోనే పెట్టు. ఈసారి అందరి ముందరా తింటా."

"మన చెట్టు యాడుందయ్యా," అంది ఆంజనమ్మ. "వాకిట్లో కాయలు కండ్లబడితే నీ మొక్కు యాడ చెడతాదో అని, మొన్న సోమారం నేనే దగ్గరుండి కొట్టేయిస్తి."