మొదటి పేజీలో రంగు

అబిడ్స్, నాంపల్లి వాస్తవ్యులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై చిన్న సమోసాలో ఉల్లిగడ్డకు బదులు ఆలుగడ్డ కూరడం మహా నేరం. మొన్న నాంపల్లిలో సినిమా ఆడిషన్‌కు పోతే మాకు అవే పెట్టారు.

ఒక పాత నవలను సినిమాగా తీస్తున్నారు. నా మేనకోడలు వైశాలి నాటకాల్లో ఆరితేరిన పిల్ల. హీరోయిన్ ఏడ్చే సీను చేసి చూపిస్తే లైట్‌బాయ్ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

డైరెక్టర్ మాత్రం గడ్డం గోక్కున్నాడు. "బాగా చేశావమ్మా. కానీ ఇది క్లాసిక్ కదా, హీరోయిన్ తెల్లగా ఉండాలి. పనిమనిషి వేషం ఉంది, వేస్తావా?"

"పోదాం పా మామా," అంది వైశాలి, తల దించుకుని.

నాకు ఒళ్లు మండింది. "ఏంది సార్, బుక్కు చదివిన్రా లేదా? హీరోయిన్ నల్లగ ఉంటదని మొదటి పేజీలనే ఉంది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న, ఇంట్ల ఉంది. మారిస్తే జనం ఊకుంటరా?"

డైరెక్టర్ అసిస్టెంట్ల వైపు చూశాడు. వాళ్లు నేలచూపులు చూశారు. ఒక్కడూ చదివిన పాపాన పోలేదు.

"అయ్యో, అలాగా! అయితే నవలలో ఉన్నట్టే తీద్దాం."

వైశాలి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డైరెక్టర్, ముంబై నుంచి ఆడిషన్‌కు దిగిన ఒక తెల్లపిల్లను ముందుకు పిలిచాడు. "మేకప్! ఈ అమ్మాయికి నల్లరంగు పూయండి."

ఇంటికి పోతూ గన్‌ఫౌండ్రీ దాటాక వైశాలి అడిగింది: "మామా, నిజంగ గట్లనే రాసిన్రా?"

లేదు. హీరోయిన్ రంగేమిటో ఆ నవలలో ఎక్కడా లేదు. వాళ్ల తెలుపు ఎంత నిజమో, నా నలుపూ అంతే నిజం.