గొలుసు ప్రార్థన

"ఆపండి! ఒక్క నిమిషం నోళ్లు మూసుకోండి!"

శిథిలాల మీద బోర్లా పడుకుని, కాంక్రీటు పలకకి చెవి ఆనించి ఉన్న మనిషి అరిచాడు.

ప్రార్థన చేస్తున్న పదిమందీ ఉలిక్కిపడ్డారు. కానీ ఆపలేదు.

అది గొలుసు ప్రార్థన. ఒకరి గొంతు ఆగకముందే ఇంకొకరు అందుకోవాలి. మధ్యలో తెగిందంటే కథ మొదటికొచ్చినట్టేనని వాళ్ల పాస్టరు అయ్యగారి నియమం.

ఆ పొద్దున ఆరున్నరకి మూడంతస్తుల బట్టల ఫ్యాక్టరీ కుప్పకూలింది. తల్లీ కూతుళ్లిద్దరూ అక్కడే పనిచేస్తారు. ఇస్త్రీ చేసే తల్లిది రెండో షిఫ్టు. అందుకే బయట ఉంది. గుండీలు కుట్టే కూతురిది మొదటి షిఫ్టు. అందుకే లోపల ఉంది.

పోలీసులు తల్లిని తాడు దాటి రానిచ్చేసరికి పదకొండయింది. ఆమె వెనకే చర్చి సంఘమూ వచ్చింది. ఇప్పుడు రెండు దాటుతోంది.

"బాగా గుర్తు తెచ్చుకో చెల్లెమ్మా. దాచుకున్న పాపం ఏదో ఉండే ఉంటుంది. ఊరికే ఎవరికీ ఇలా జరగదు" అన్నారు అయ్యగారు.

"అదే వెతుకుతున్నానయ్యగారూ. కిందటేడు నుంచీ మా తోడికోడలితో మాట్లాడ్డం లేదు."

"అది చాలదు. ఇంకా లోతుకి వెళ్లు."

ఆమె లోతుకి వెళ్లింది. పక్కింటావిడ గిన్నె తిరిగివ్వని సంగతి చెప్పింది. తలనొప్పని అబద్ధమాడి ఒక ఆదివారం చర్చి ఎగ్గొట్టిన సంగతీ చెప్పింది. బిడ్డని మూడంతస్తుల కింద పెట్టేంత పాపం మాత్రం ఎంత తవ్వుకున్నా దొరకలేదు.

కష్టాల మీద ప్రసంగమంటే అయ్యగారికి కొట్టిన పిండి. మొన్న ఆదివారమే, ఇల్లు కూలి బిడ్డలందరినీ పోగొట్టుకున్న బైబిల్లోని నీతిమంతుడి మీద గంటన్నర మాట్లాడారు. స్నేహితులొచ్చి ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన కూర్చున్న భాగం మాత్రం టైము చాలక వదిలేశారు.

బోర్లా పడుకున్న మనిషి లేచి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము. వేళ్ల చివర్లు చిట్లి రక్తం కారుతోంది.

"అమ్మా, అక్కడ కింద ఎవరో కొడుతున్నారు. సన్నగా. మీ గోలలో సరిగ్గా వినబడట్లేదు."

"ప్రార్థన నీకు గోలగా ఉందా?" అంది పాటలక్క. సంఘంలో గొంతంటే ఆవిడదే.

"ఫైర్ వాళ్లని పిలిచానమ్మా. చప్పుడు ఖాయమైతేనే తవ్వే మిషను ఇటు తిప్పుతారట. అవతల ఇంకో పదిమంది ఇరుక్కుని ఉన్నారు. నన్ను ఒక్క నిమిషం విననివ్వండి."

"నువ్వూ వచ్చి మోకరించు నాయనా. దారి దేవుడే చూపిస్తాడు" అన్నారు అయ్యగారు.

"ఇవాళ నేనాయనతో మాట్లాడితే తిట్లే వస్తాయండి. ఎందుకిలా చేశావని పొద్దున్నించీ అడుగుతున్నాను. జవాబు లేదు."

అయ్యగారు తల్లి వైపు తిరిగారు.

"విన్నావా చెల్లెమ్మా! ఇలాంటి నోరు పక్కనుంటే మన ప్రార్థన పైకి వెళ్తుందా?"

ఆమె అతని వైపు తిరిగింది. రెండు చేతులూ జోడించింది.

"వెళ్లిపో అన్నా. నీకు దణ్ణం పెడతాను. నీ మాటలు నా బిడ్డకి తగులుతాయి."

అతను ఆమె వైపు చూశాడు. ముఖంలో కోపం లేదు.

"సరేనమ్మా, పోతాను. నీ బిడ్డని ఒక్కసారి గట్టిగా పిలిచి, ఊరుకుని విను. నీకైనా జవాబొస్తుందేమో."

శిథిలాలు దిగి వెళ్లిపోయాడు. పీడ విరగడైందన్నట్టు పాటలక్క గొంతు ఇంకాస్త పెంచింది.

అరగంట గడిచింది.

ఉన్నట్టుండి శిథిలాలు జానెడు కుంగాయి. పగుళ్లలోంచి దుమ్ము లేచింది.

"ఆపండి!"

ఈసారి అరిచింది తల్లి.

"గొలుసు తెగిపోతుంది చెల్లెమ్మా..."

"తెగనివ్వండయ్యగారూ! కావలసిన పాపం దొరికిందనుకోండి!"

పాటలక్క అందుకోబోయింది. తల్లి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత పరుగున వెళ్లి, అతను పడుకున్న చోటే బోర్లా పడుకుంది.

"చిట్టీ! చిట్టితల్లీ!"

ఎవరూ కదల్లేదు. ఆ సంఘం పుట్టాక అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగదు.

టక్.

ఆమె చెవి ఇంకా గట్టిగా ఆనించింది.

టక్... టక్.

ఆమె కేకకి ఫైర్ వాళ్లు వచ్చి విన్నారు. మిషను ఇటు తిరిగింది. ఐదింటికి చిట్టిని బయటికి తీశారు. కాలు విరిగింది. ప్రాణం ఉంది.

"స్తోత్రం! మన ప్రార్థన ఫలించింది!" అన్నారు అయ్యగారు.

స్ట్రెచరు మీది పిల్ల తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, పైనుంచి ఎవరో 'ఇంకోసారి కొట్టు తల్లీ, నిన్నొదిలి పోను' అన్నారు. మరి ఎందుకు పోయారమ్మా?"

తల్లికి తల కొట్టేసినట్టయింది. పిల్లని అంబులెన్సు ఎక్కించి, ఫైర్ ఆఫీసరు దగ్గరికి పరిగెత్తింది.

"ఇక్కడ చేతుల్తో తవ్వుతూ ఒకాయన ఉండాలి. మీ మనిషేనా బాబూ?"

"కాదమ్మా. మేమే ఆయన్ని వెళ్లిపొమ్మని ఎంతో చెప్పాం. చప్పుడు విన్నాను, అదేదో తేలేదాకా కదలనన్నాడు."

"ఎక్కడుంటాడు? ఒక్కసారి ఆయన కాళ్లు పట్టుకోవాలి."

"మూడింటికే ఊరెళ్లిపోయాడు. కూతుర్ని తీసుకుని."

"ఆయన కూతురూ ఇక్కడే చేస్తుందా?"

ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పొద్దున ఎనిమిదింటికి మేం తీసిన మొదటి శవం ఆ పిల్లదేనమ్మా."