దింపుడు కల్లం

ఇప్పుడు పాడె మోసేవాళ్ళు లేరు. పిలిస్తే బండి వస్తుంది, డ్రైవరు ఉండడు. సంతకైనా శ్మశానానికైనా అదే బండి. మా అన్న సన్యాసయ్యను సీటు మీద పడుకోబెట్టి, ఆయన కూతురు పైడమ్మా నేనూ పక్కన కూర్చున్నాం.

సగం దారిలో పైడమ్మ ఉలిక్కిపడింది.

"సిన్నాన్నా, దింపుడు కల్లం దాటెల్లిపోతన్నాం. బండి ఆపమను."

దారి మధ్యలో శవాన్ని దించి, ప్రాణం మిగిలి ఉంటే పలుకుతాడని చెవిలో మూడుసార్లు పిలవడం మా ఆచారం. బండిని పిలిచేటప్పుడు మధ్యలో ఆగాలని చెప్పడం ఇద్దరం మరిచాం. ఇప్పుడు అడిగితే, ఇక్కడ ఆగడానికి లేదంది బండి.

"పోనీలే, నడస్తన్న బండిలోనే పిలు. గట్టిగా పిలమ్మా. బతికున్నప్పుడే ఒక్క పిలుపుకి పలికేవోడు కాదు," అన్నాను.

పైడమ్మ వంగి "నాన్నా" అంది. మళ్ళీ అంది. మూడోసారి అరుపులా వచ్చింది.

బండి వేగం తగ్గించి, రోడ్డు పక్కన ఆగింది.

"మీతో ఉన్నవారు పలకడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళమంటారా?" అని మర్యాదగా అడిగింది.

పైడమ్మ నా ముఖంలోకి చూసింది. వద్దని చెప్పాల్సింది నేనే. ఆ మాట నోటికి రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ బండి ఆగే ఉంది.